ఇస్సాకు వయసు

మా అన్న చనిపోయిన నెలకు మా వదిన ఫోన్ చేసి, వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామని, ఆయన గురించి ఐదు నిమిషాలు నేనే మాట్లాడాలని చెప్పింది. వాక్యం పాస్టరుగారు చెప్తారు, మనిషి గురించి మాత్రం మనిషిని ఎరిగినవాళ్లే చెప్పాలన్నది ఆమె వాదన. నేను కాలేజీలో ముప్పై రెండేళ్లు హిస్టరీ చెప్పినవాణ్ణి. ఐదు నిమిషాలు మాట్లాడడం నాకు కష్టం కాదు, ఐదు నిమిషాల్లో ఆపడమే ఎన్నడూ చేతకాలేదు. మా చుట్టాల పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో భోజనాలు ఆలస్యమైనప్పుడల్లా మైకు తెచ్చి నా చేతిలో పెట్టడం ఆనవాయితీ. వంట అయ్యేదాకా నేను నవ్విస్తూ ఉంటాను. సరే అన్నాను. నాగారంలో మా డాబా మీద కుర్చీ వేసుకుని మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. పైన మా అన్న పేరు రాశాను. దాని కింద అందరికీ తెలిసిన సంగతి రాయాలా, నాకొక్కడికే తెలిసిన సంగతి రాయాలా అన్నది తేలలేదు. అందరికీ తెలిసినది అబద్ధం. నాకు తెలిసినది రాస్తే నేనేమిటో కూడా అందరికీ తెలుస్తుంది.

ముందు మా ఇంటి పేర్ల సంగతి చెప్పాలి. మా నాయిన అసలు పేరు ఎల్లయ్య. బాప్తిస్మం తీసుకున్న రోజున అబ్రాహాము అయ్యాడు. మా ఊరు గౌడవెల్లి ఆయన్ని చివరిదాకా ఎల్లయ్య అనే పిలిచింది. అబ్రాహాము అన్నది ఆదివారాలు మాత్రమే పనికొచ్చే పేరు. అమ్మ బాలమ్మ కాస్తా, గ్రంథంలో అబ్రాహాము భార్య శారా పేరు మీద, శారమ్మ అయింది. పెద్దకొడుకు పుడితే ఇస్సాకు అని పెట్టారు. అక్కడిదాకా అంతా సక్రమమే. మూడేళ్లకు నేను పుడితే గ్రంథంలో తర్వాతి పేరు ఏముందో చూసి యాకోబు అన్నారు. ఆ వరసన నేను మా అన్నకు కొడుకునవుతానని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పాస్టరుగారికి తట్టిందట గానీ అప్పటికే రిజిస్టరులో ఎక్కించేశారు, కొట్టివేతలు ఆయనకు నచ్చవు.

నాయిన పని బావుల్లో పూడిక తీయడం. గౌడవెల్లి నుంచి శామీర్‌పేట చెరువు దిక్కుదాకా ఉన్న వ్యవసాయ బావుల్లో చాలావాటిని ఎండాకాలం ముందు ఆయనే శుభ్రం చేసేవాడు. పైన గిరక, దాని మీద మోకు, మోకు చివర తట్ట. కింద ఒకరు బురద తవ్వి తట్ట నింపాలి, పైన ఒకరు లాగి పారబోయాలి. కిందివాడి మాట పైకి సరిగా వినబడదు. బావి ఆ మాటను సగం మింగి, మిగిలిన సగాన్ని ముద్దగా చేసి పంపుతుంది. అందుకని మోకుతోనే మాట్లాడుకోవాలి. ఒకసారి గుంజితే తట్ట నిండిందని, రెండుసార్లు గుంజితే తాగడానికి నీళ్లు పంపమని, మూడుసార్లు గుంజితే మనిషిని పైకి లాగమని. నాలుగోది లేదు. మూడింటికి మించి మనుషులు చెప్పుకోవాల్సిందేమీ ఉండదని నాయిన నమ్మకం. సాయంత్రం ఆయనకంటే ముందు ఆయన వాసన ఇల్లు చేరేది. పాచి, కుళ్లిన ఆకు, ఏళ్ల తరబడి వెలుతురు చూడని నల్లమట్టి. అమ్మ ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. బయట బండ మీద కూర్చోబెట్టి కాగిన నీళ్లు పోసేది, శనివారాలు సబ్బు కూడా ఇచ్చేది. ఆ నీళ్ల ఆవిరి, కట్టెపొయ్యి పొగ, పెంక మీద మాడిన జొన్నరొట్టె అంచు, ఇవన్నీ కలిసిన వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికినా మా కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు.

అన్న పదో తరగతిలో, నేను ఏడులో ఉన్న యేడు క్రిస్మస్‌కు మా సంఘంలో అబ్రాహాము బలి డ్రామా వేశారు. దేవుడు అడిగితే అబ్రాహాము కొడుకు ఇస్సాకును కొండ మీద బలి ఇవ్వబోవడం, దేవదూత పిలిచి ఆపడం, బదులుగా పొదలో పొట్టేలు దొరకడం, కథ అంతే. పాత్రలకు మనుషులను వెతికే శ్రమ లేకపోయింది. నాయిన అబ్రాహాము, అన్న ఇస్సాకు. కథలో యాకోబు అప్పటికి పుట్టలేదు కాబట్టి నాకు పొదలో చిక్కుకున్న పొట్టేలు వేషం ఇచ్చారు. నల్ల గొంగడి, కొమ్ములకు రెండు మొక్కజొన్న కంకులు. మాటలు లేవు, ఒక అరుపు ఉంది. దేవదూత రెండోసారి పిలవగానే అరవాలి. ఆ ఒక్క అరుపుకు నాలుగు రోజులు రిహార్సలు చేయించారు. తీరా ఆ రోజు దేవదూత వేషం వేసిన పాస్టరుగారి అమ్మాయి ఐదుసార్లు పిలిచింది. నేను గుడి వెనక, డ్రామా అయ్యాక పంచాల్సిన బూందీ డేగిసా దగ్గర ఉన్నాను. లోపల నాయిన కత్తి ఎత్తి అలాగే నిలబడిపోయాడు. దూది గడ్డం, బావుల్లో మొద్దుబారిన చెయ్యి. ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మోకుతో కట్టేసి బల్ల మీద పడుకోబెట్టిన అన్న కళ్లు తెరిచి, "నాయినా, కత్తి దించు, చెయ్యి గుంజుతది" అన్నాడు. సంఘమంతా నవ్వింది. ఆ నవ్వు విని నేను పరుగెత్తుకొచ్చి అరిచాను, ఇంకా నవ్వారు. మైకు దగ్గర నా మొదటి విజయం అదే. కత్తి కింద పడుకున్నవాడు కత్తి పట్టినవాడి చెయ్యి గురించి ఆలోచించాడన్నది ఆ నవ్వులో ఎవరూ పట్టించుకోలేదు.

నెల తిరగకముందే నాయినతో బావిలోకి దిగే మా బాబాయి మేడ్చల్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోయాడు. నాయినకు దమ్ము. కిందికి దిగితే ఊపిరాడదు, పైన కూర్చుని మోకు పట్టుకోగలడు, అంతే. ఒకరోజు తెల్లవారకముందే లేచి మోకు చుట్టలు చుడుతుంటే నాకు మెలకువ వచ్చింది. దుప్పటి సందులోంచి చూశాను. అన్న తన బడి యూనిఫాం మడిచి సందూకు మీద పెట్టాడు. అంచులు కలిసేలా రెండుసార్లు మడిచాడు. మోకు భుజానికెత్తుకుని నాయిన వెనక వెళ్లాడు. ఒక్కరోజు పనికని నాయిన అమ్మకు చెప్పాడు. ఆ ఒక్కరోజు పన్నెండేళ్లు నడిచింది. రెండేళ్ల తర్వాత ఆ యూనిఫాంనే కాస్త కురచ చేసి నాకు తొడిగారు. "ఇస్సాకుకు సదువబ్బలే" అని నాయిన గుడిలో చెప్పాడు, గుడి ఊరికి చెప్పింది, ఊరు నాకు చెప్పింది. నేను నమ్మాను. నమ్మడం సుఖంగా ఉంది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఎందుకోగానీ ఆ తర్వాత ప్రతి జూన్‌లో, బడులు తెరిచే వారంలో, ఆమెకు జ్వరం వచ్చేది.

ఎం.ఏ. చదువుతున్నప్పుడు సికింద్రాబాద్‌లో ఒక క్రైస్తవ గ్రంథాలయానికి వెళ్తుండేవాణ్ణి. జ్ఞానం కోసం కాదు, అక్కడ ఫ్యాన్లు బాగా తిరిగేవి. అక్కడే యూదుల పండితులు, రబ్బీలు అంటారు, మన పితరుల గురించి రాసిన లావాటి పుస్తకాలు నా కంటపడ్డాయి. మనం గుడిలో అబ్రాహాము విశ్వాసం గొప్పది అని చెప్పుకుని ఇంటికొచ్చి అన్నం తింటాం. వాళ్లకు అన్నం సహించదు. రాసిన మాటకు, రాయని మాటకు మధ్య ఉన్న సందులోకి దిగి తవ్వుతారు. నీ కొడుకును తీసుకుపో అన్నాడు దేవుడు. నాకిద్దరున్నారు అన్నాడట అబ్రాహాము. నీ ఒక్కగానొక్కణ్ణి అన్నాడు. ఒకడు ఈ తల్లికి ఒక్కడు, ఇంకొకడు ఆ తల్లికి ఒక్కడు అన్నాడు. నువ్వు ప్రేమించేవాణ్ణి అన్నాడు. ఇద్దరినీ ప్రేమిస్తాను అన్నాడు. అప్పుడుగానీ ఇస్సాకు పేరు బయటికి రాలేదు. శారాతో ఏం చెప్పి బయల్దేరాడు? పిల్లవాణ్ణి చదువుకు తీసుకెళ్తున్నానని చెప్పాడట. అది చదివినప్పుడు ఫ్యాన్ కింద కూడా నాకు చెమట పట్టింది. కొండ మీది నుంచి అబ్రాహాము దిగి వచ్చాడని గ్రంథంలో ఉంది, ఇస్సాకు దిగినట్టు లేదు. ఆ తర్వాత తండ్రీకొడుకులు ఒక్క మాట మాట్లాడుకున్నట్టు కూడా లేదు. ఆ కొడుకు ఎక్కడికి పోయాడని రబ్బీలు ఎన్నో రకాలుగా వాదించుకున్నారు. మా ఇంట్లో వాదన అక్కర్లేదు. కొడుకు బావిలో ఉన్నాడు, తండ్రి గట్టు మీద ఉన్నాడు. పన్నెండేళ్లు ఒకటి, రెండు, మూడు గుంజులతోనే మాట్లాడుకున్నారు. ఇంటికొచ్చాక మోకు ఉండదు కాబట్టి అదీ లేదు.

బావులు ఎండి బోర్లు వచ్చాక అన్న మేడ్చల్‌లో మోటార్ల రివైండింగ్ షాపు పెట్టుకున్నాడు. పెళ్లయింది. వదిన పేరు గ్రంథంలోని ఇస్సాకు భార్యలా రిబ్కా కాదు, సుగుణ. అయినా ఆమె వచ్చాక మా అమ్మ వంటింట్లో మళ్లీ మాటలు వినబడ్డాయి. శారా ఉన్నన్నాళ్లు ఆమె గుడారంలో దీపం వారం పొడుగునా ఆరేది కాదని, ఆమె పోయాక ఆరిందని, రిబ్కా రాగానే మళ్లీ వెలిగిందని రబ్బీలు చెప్తారు. నేను రిటైరయ్యేసరికి అమ్మానాయినలు ఎప్పుడో పోయారు, అన్నకు చూపు మందగించింది. ప్రతి శనివారం పొద్దున నాగారం నుంచి స్కూటర్ మీద వెళ్లి ఈ కథలు చెప్పడం మొదలుపెట్టాను. రబ్బీలకు ఆయన గడ్డపోళ్లు అని పేరు పెట్టాడు. నేను స్కూటర్ స్టాండు వేయకముందే, "ఏమంటున్నర్రా నీ గడ్డపోళ్లు?" అని అడిగేవాడు. కట్టేసి పడుకోబెట్టినప్పుడు పైనుంచి దేవదూతలు ఏడ్చారని, ఆ కన్నీళ్లు ఇస్సాకు కళ్లలో పడ్డాయని, ముసలితనంలో చూపు పోవడానికి కారణం అదేనని ఒకసారి చెప్పాను. అన్న శ్రద్ధగా విని, "నాకైతే షుగర్‌రా" అన్నాడు.

ఆయనకు నచ్చింది బావుల కథ. తండ్రి తవ్విన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేస్తే ఇస్సాకు వాటిని మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. ఆ పేర్లు మార్చకపోవడం తండ్రి మీద గౌరవమని రబ్బీల మాట. అది చెప్పిన రోజు అన్న నన్ను స్కూటర్ తియ్యమన్నాడు. వెనక కూర్చుని, నా భుజం పట్టుకుని, శామీర్‌పేట దిక్కు దారి చెప్పాడు. కంటికి ఆనేది వెలుగు మాత్రమే. మలుపును బట్టి, ఎత్తుపల్లాన్ని బట్టి ఆపమని చెప్పేవాడు: గీడ గుండ్ల బావి. గీడ జువ్వి బావి, పదారు మట్ల లోతు. గీడ ఒంటిమెట్టు బావి, దీంట్ల నాకు పాము గనబడ్డది, మూడుసార్లు గుంజిన, నాయిన ఊపిరి అందకున్నా గుంజిండు. నాకు కనబడినవి వెంచర్ల గేట్లు, తెల్లరంగు రాళ్లు, రంగు జెండాలు, ఒకచోట ఈతకొలను బొమ్మ. మా ప్రాంతపు ఫిలిష్తీయులు పూడ్చి ఊరుకోరు, బ్రోచర్ కూడా వేస్తారు. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు ట్యాంకర్ కోసం ఫోన్లు చేసుకుంటుంటారు, తాము నిద్రపోయేది బావి మీదని తెలియక. నేను ఆ మాటే అన్నాను, నవ్వుతాడని. అన్న నవ్వలేదు. "నాయిన గిరక తిరిగిన తావులురా ఇయ్యన్ని" అన్నాడు.

మొన్న వానాకాలం మొదట్లో ఒక శనివారం. వదిన సంఘంలో స్త్రీల కూడికకు వెళ్లింది, మేమిద్దరమే ఉన్నాం. నేను చాలా ఏళ్లుగా దాచుకున్న కథ తీశాను. బలి నాటికి ఇస్సాకు వయసెంత? చాలామంది రబ్బీలు ముప్పై ఏడంటారు. శారా తొంభయ్యో యేట కన్నది, నూట ఇరవయ్యేడో యేట పోయింది. కొడుకును కట్టేశారన్న వార్త విని గుండె ఆగిపోయిందనుకుంటే లెక్క ముప్పై ఏడుకు తేలుతుంది. అంటే అతను పిల్లవాడు కాదు, తెలిసే నడిచాడు, ఇష్టంతోనే పడుకున్నాడు. తర్వాతి కాలపు పండితుడొకాయన ఒప్పుకోలేదు. అంత పెద్దవాడైతే ఆ గొప్పతనం తండ్రిది కాదు, కొడుకుది. గ్రంథం కొడుకును ఒక్క మాట కూడా పొగడలేదు కాబట్టి అతను పదమూడేళ్ల పిల్లవాడు, అతన్ని ఎవరూ అడగలేదు అన్నాడాయన. నేను ఎప్పుడూ ముప్పై ఏడు పక్షమే. ఆ పక్షంలో ఉంటే నిద్ర పడుతుంది. ఇదంతా చెప్పి, నువ్వేమంటావు అన్నాను. 

"నాకు పదిహేనేండ్లురా" అన్నాడు. "గడ్డపోళ్లను అడుగుడెందుకు, నన్నడుగరాదు?"

అడిగాను. ఇష్టంతోనే వెళ్లావా అన్నాను.

"ఇష్టమేంది? బడికి పోదామనుండె. క్లాసుల నేనే ఫస్టు, లెక్కల సారు నన్ను పాలిటెక్నిక్ రాయిస్తనన్నడు." అన్నాడు. మొదటిసారి బావికి వెళ్లడానికి ముందురోజు నాయిన అన్నను పక్కకు పిలిచి, నువ్వు పదో తరగతి, నిన్ను కదిలించను, చిన్నోడు ఎట్లాగూ చదువుతలేడు, రేపు వాణ్ణి తీసుకపోత అన్నాడట. నిజమే, ఆ యేడు నేను లెక్కల్లో తప్పాను. "నిన్ను దించుతే బావిల ఏడుస్తవ్, పని ఆగుతది. నేనే వస్తనన్న. నాయిన వద్దన్నడు. రెండుసార్లు వద్దన్నడు. పొద్దున మోకు నేనే ఎత్తుకున్న."

మరి నాయిన మీద కోపం ఉండేదా, అందుకేనా మాటల్లేవు అని అడిగాను. అన్న తల అడ్డంగా ఊపాడు. "నాకేం కోపం? నన్ను జూస్తే ఆయనకు సిగ్గైతుండె. మొఖం జూడక మాట్లాడొస్తదని మోకు పట్టుకునేటోడు."

ఇక్కడ నేనొక మాట అనాల్సి ఉంది. ప్రపంచంలో ఎవరైనా ఆ మాటే అంటారు. నేనేమన్నానంటే, "అయితే నా డిగ్రీల సగం నీదేనే అన్నా. ఏ సబ్జెక్టులు గావాలె?" అన్నాను. అలవాటు. గొంతులో ఏదైనా అడ్డం పడితే అక్కడ జోకు పుట్టడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. అన్న పకపకా నవ్వాడు. "లెక్కలొద్దు, అవి నువ్వే ఉంచుకో, నీకే తక్కువున్నయ్" అన్నాడు. వాన మొదలైంది. రెయిన్‌కోట్ వేసుకుని, వచ్చే శనివారం వస్తానని చెప్పి వచ్చేశాను. దారంతా ఆయన జవాబు బాగా పేలిందని మెచ్చుకున్నాను కూడా. అనాల్సిన మాట వచ్చే వారం అనవచ్చు అనుకున్నాను. తర్వాతి వారాల్లో కూడా వెళ్లాను. కథలు చెప్పాను, ఆయన విన్నాడు. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను. ఒక బుధవారం పొద్దున చాయ్ తాగుతూ అన్న గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయాడు. వదిన రెండో కప్పు పోయడానికి వచ్చి చూసిందట.

కూడిక ఇంటి ముందు షామియానా కింద జరిగింది. నేను కాగితం తీసుకెళ్లాను, దాని మీద అప్పటికీ పేరు ఒకటే ఉంది. మైకు చేతికి వచ్చింది. "మా అన్నకు సదువబ్బలేదని మీ అందరికీ ఎర్కే" అని మొదలుపెట్టాను. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు అప్పుడే నవ్వడానికి సిద్ధమై ముందుకు వంగారు. ఒకాయన నవ్వేశాడు కూడా. ఆయన తప్పు లేదు, యాభై ఏళ్లుగా నేను అలవాటు చేసినదే. ఆయన ఆపేదాకా ఆగాను. "అది అబద్ధం. ఆయన క్లాసుల ఫస్టు. నన్ను బావిలకు దించుతరని తెలిసి నా బదులు ఆయన దిగిండు. అప్పుడాయనకు పదిహేనేండ్లు. బడికి పోవాలనే ఉండె." ఇంకేదో చెప్పబోయాను గానీ గొంతులోంచి ఏమీ రాలేదు, జోకు కూడా. కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో ఒక్కటి కూడా పూర్తికాలేదు. పాస్టరుగారు కాస్త తడబడి పాట అందుకున్నారు.

భోజనాల దగ్గర వదిన అన్నం వడ్డిస్తోంది. నా వంతు రాగానే గరిటె ఆపి, నీకెప్పుడు చెప్పాడని అడిగింది. వానలు మొదలైనప్పుడు అన్నాను. నువ్వేమన్నావంది. ఏమన్నానో ఉన్నదున్నట్టు చెప్పాను.

"నవ్విండా?"

"నవ్విండు వదినె."

వదిన గరిటెతో డేగిసాలో అన్నం కదిలించింది. "నీ తమ్మునిలెక్క నువ్వు గూడ సదువుకుంటే గీ మోటర్ల పని తప్పుతుండె అని ఆయనతోని ఎన్నిసార్లన్ననో" అంది. "నలభై ఏండ్లు అనుకుంటనే ఉన్న."

ఏమనేవాడని అడిగాను.

"ఏమంటడు, నవ్వేటోడు" అని నా పళ్లెంలో అన్నం పెట్టి, వెనక వరుసలో నిలబడినవాళ్లకు దారి వదిలి కొంచెం జరగమంది.